చెరువు ఒడ్డున గుడారం వేసే ముందు: రెండోవారు దూకొద్దు

2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్‌లో అయిదుగురు యువకులు మునిగి చనిపోయారు. జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరి ఆరుగురిని తీసుకుపోయింది. కొద్ది రోజులకే బాసరలో మరో అయిదుగురు. ఇలాంటి వార్త కనబడగానే నేను మొదట వెతికేది ఒక్క మాట: 'కాపాడబోయి'. ఒకరు జారారు, అందుకోబోయి ఇంకొకరు, ఆ ఇద్దరి కోసం మూడో మనిషి. చాలా వార్తల్లో ఆ మాట ఉంటుంది. ఏ ప్రాణమూ పోకుండా ఆపగలిగిన ప్రమాదం ఒకే ఇంట్లో ఇద్దరిని, ముగ్గురిని మింగుతోంది.

ఇప్పుడు మళ్లీ కాలం వచ్చింది. వానలు తగ్గాయి, కాకతీయుల చెరువులు నిండుగా ఉన్నాయి, రాత్రులు చల్లబడుతున్నాయి. సెలవు దొరికితే చాలు లక్నవరం, పాకాల, రామప్ప వైపు బండ్లు కదులుతాయి. గది వద్దు, కరెంటూ నల్లా లేని అడవి అంచున గుడారం వేసుకుని, పొద్దున్నే కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) నీళ్లలోకి తోసుకుని వెళ్తాం అనేవాళ్లు పెరుగుతున్నారు. వెళ్లాలి కూడా. ఆ నీళ్ల మీద ఒక ఉదయం గడపడం ఎంత బాగుంటుందో తెలిసినవాణ్ని, వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. టార్చి, దోమల మందు, మంచినీళ్లు, తాగి నీళ్లలోకి దిగకపోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటిని వదిలేస్తున్నాను.

రెండోవారు ఎందుకు దూకకూడదు

మునుగుతున్న మనిషి సినిమాలో లాగా చేతులూపుతూ కేకలు పెట్టడు. నోరు నీటి పైకి వచ్చిన క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక అరుపు ఎక్కడిది? చేతులు రెండు పక్కలా నీటిని కిందికి నొక్కుతుంటాయి, తల వెనక్కి వాలుతుంది. పక్కనున్నవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు. అరనిమిషం, మహా అయితే నిమిషం. ఆ స్థితిలో చేతికి ఏది దొరికినా దాని మీదికి ఎక్కుతాడు. దొరికింది మీరైతే మీ భుజాల మీదికి, మీ తల మీదికి ఎక్కుతాడు. అది అతని తప్పు కాదు, ఊపిరి కోసం శరీరం తనంతట తాను చేసే పని. కన్నతల్లి ఎదురొచ్చినా అదే చేస్తాడు. ఈత రాని మనిషి భయపడి ఒడ్డునే ఆగిపోతాడు. వచ్చినవాడు దూకుతాడు. అందుకే ఈత వచ్చినవాళ్లు కూడా ఇలా పోతున్నారు.

మన దగ్గర ఈత వచ్చు అంటే చాలామందికి బావి ఈతే. చిన్నప్పుడు నడుముకు ఎండు సొరకాయ కట్టి పెద్దవాళ్లు నేర్పిన ఈత. అది మంచి ఈతే, కాని బావిలో పది బారలు వేస్తే గోడ తగులుతుంది, మెట్టు చేతికందుతుంది. చెరువులో గోడ లేదు. గాలికి అలలు ముఖాన కొడుతుంటే, ఒంటి మీద జీన్స్ తడిసి బరువెక్కితే, పట్టుకునే ఆసరా లేకుండా మరో మనిషిని లాక్కురావడం బావి నేర్పని పని. శిక్షణ పొందిన ఈతగాళ్లు కూడా తేలే వస్తువు చేతిలో లేకుండా మునిగేవారి దగ్గరికి వెళ్లరు.

ఒకే ఇంటి ముందు రెండు పాడెలు కట్టడం నేను చూశాను. అన్నదమ్ములు. చిన్నవాడికి ఈత రాదు, పెద్దవాడికి వచ్చు. ఆ సమయంలో కట్ట మీద గీత కార్మికుల మోకు ఒకటి పడి ఉంది. ఎవరి చూపూ దాని మీదికి పోలేదు.

కాబట్టి దూకకండి. వరుస ఇది: అరవండి, చాపండి, విసరండి, పడవ మీద వెళ్లండి. దూకడం ఈ వరుసలో లేదు. దగ్గరగా ఉంటే ఒడ్డున బోర్లా పడుకుని తెడ్డు, వెదురు కర్ర, చీర, తువ్వాలు, ఏది ఉంటే అది చాపండి. నిలబడి చాపితే మీరే లోపలికి పడతారు. దూరంగా ఉంటే తేలేది విసరండి. 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్‌కు మూత గట్టిగా బిగిస్తే పెద్ద మనిషిని తేల్చి ఉంచుతుంది. దాని పిడికి పదిహేను, ఇరవై మీటర్ల తాడు కట్టి, గుడారం వేయకముందే నీటి అంచున పెట్టండి. అతని తల దాటేటట్టు విసిరి, తాడు అతని భుజం మీదికి వచ్చేటట్టు లాగాలి. పగలు రెండుసార్లు విసిరి చూడండి. అవసరం వచ్చిన క్షణంలో మొదటిసారి విసిరే తాడు చిక్కుపడుతుంది.

గుంపులో ఒకరు ఒడ్డు మనిషి. లైఫ్ జాకెట్ తొడుక్కుని, తాడు చేతిలో పట్టుకుని, నీళ్లను చూస్తూ కూర్చోవడమే ఆ మనిషి పని. ఫోన్ జేబులో ఉండాలి, వీడియో తీయకూడదు. గంటకొకరు మారండి. ఒడ్డు మనిషి లేనప్పుడు ఎవరూ నీళ్లలో ఉండకూడదు.

ఈ చెరువుల తీరు

పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు గుట్టల మధ్య సందుకు కట్ట పోసి వాగులను ఆపి 13వ శతాబ్దంలో కట్టినవి. ఆ కట్టుబడి తెలిస్తే లోతు ఎక్కడుందో తెలుస్తుంది. కట్ట వైపు లోతు ఎక్కువ, ఎగువన నీళ్లు వచ్చి చేరే శిఖం వైపు తక్కువ. కట్ట రాళ్ల మీద నాచు ఉంటుంది. అక్కడ కాళ్లు కడుక్కోబోయి జారితే రెండో అడుగుకే నేల ఉండదు. శిఖం వైపు మోకాలి లోతే కదా అని నడుస్తూ పోతే, పాత వాగు దారి నీటి అడుగున అలాగే ఉంటుంది, ఒక్కసారిగా మెడ లోతు దాటిపోతుంది. ఊరి చెరువులైతే ఇంకో ప్రమాదం: వేసవిలో పూడిక మట్టి కోసం, ఇటుక బట్టీల కోసం జేసీబీలు తవ్విన గుంతలు. నీళ్లు నిండాక పైనుంచి చూస్తే అంతా ఒకేలా కనిపిస్తుంది. స్థానికంగా చేపలు పట్టేవాళ్లను అడగండి, ఏ గుంత ఎక్కడుందో వాళ్లకు తెలుసు. వాళ్లు వద్దన్న చోట వాదించకండి.

మత్తడి (అలుగు) దూకుతున్నంత కాలం ఆ వైపు పడవ తిప్పొద్దు. తూము దగ్గరికి ఎప్పుడూ వద్దు. యాసంగి పొలాలకు నీళ్లు వదిలినప్పుడు పైన నీరు కదలనట్టే ఉంటుంది, అడుగున లాగుతుంటుంది.

నీళ్లలోకి వెళ్లేటప్పుడు

జాకెట్ ఉంటే చాలదు, అది మీకు సరిపోవాలి. బకిళ్లన్నీ బిగించాక వెనక నుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. గడ్డం దాటి పైకి వస్తే అది మీది కాదు, ఇంకొకటి అడగండి. అద్దెకిచ్చే జాకెట్లలో నొక్కుకుపోయిన ఫోమ్, చిరిగిన పట్టీలు ఉంటాయి. నడుం లోతులో నిలబడి, కాళ్లు ఎత్తి, తేలుతున్నారో లేదో చూసుకోండి. పిల్లలకు పెద్దల జాకెట్ వేయొద్దు, జాకెట్ కిందినుంచి జారిపోతారు. ఫోటో కోసం చెరువు మధ్యలో జాకెట్ విప్పడం నేను చూస్తూనే ఉంటాను. ఒకరు విప్పగానే మిగిలినవాళ్లూ విప్పుతారు. మీ పడవలో ఎవరైనా విప్పితే పడవ ఒడ్డుకు తిప్పండి, మొహమాటం వద్దు.

వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, వచ్చేటప్పుడు గాలివాలున రండి. చేతుల్లో బలం ఉండగానే కష్టమైన సగం అయిపోతుంది. పడవ తిరగబడితే దాన్ని వదలొద్దు. బోర్లా పడినా కయాక్ తేలుతుంది, ఒడ్డు కంటే అదే దగ్గర. ఒడ్డు దగ్గరలోనే ఉందనిపించి ఈదబోయేవాళ్లు సగంలో అలసిపోతారు. అప్పుడు పక్క పడవలోని మిత్రుడు దూకుతాడు. దూకొద్దు. తెడ్డు చాపండి, పడవ వెనక కొనను అందించండి, పట్టుకోమనండి, లాక్కురండి.

రాత్రంతా మత్స్యకారులు వేసిన వలలు తెల్లారేదాకా నీళ్లలోనే ఉంటాయి. సన్నని నైలాన్ దారం కంటికి కనబడదు, కాళ్లకు చుట్టుకుంటే ఈత పనికిరాదు. వరుసగా తేలుతున్న సీసాలు, థర్మాకోల్ ముక్కలు కనబడితే వాటి పక్కనుంచి కాదు, దూరంగా తిరిగి వెళ్లండి. పొగమంచు విడిచేదాకా ఆగండి.

అడవి, రాత్రి

పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. అటవీశాఖ అనుమతించిన చోటే గుడారం. అనుమతి లేకుండా లోపల ఉండటం, నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నేరమన్న మాట అటుంచండి, మీరు అక్కడ ఉన్నారని ఎవరికీ తెలియకపోతే వెతకడానికి ఎవరూ రారు. అటవీశాఖ బీట్ అధికారికి చెప్పండి. మొసళ్లు, ఎలుగుబంట్లు ఏ వైపు తిరుగుతున్నాయో ఆయననే అడగండి.

నేల మీద పడుకునేవారికి కట్లపాము ప్రమాదం ఎక్కువ. అది రాత్రే తిరుగుతుంది, వెచ్చదనానికి పక్క కిందికి చేరుతుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తిన్నది పడలేదని కూర్చోకండి, అది పాముకాటే అనుకుని కదలండి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, పసరు పోయించొద్దు. కాటు పడిన కాలు కదలకుండా ఉంచి విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పాకాల నుంచి నర్సంపేట దగ్గర, లక్నవరం నుంచి ములుగు. పెద్ద అవసరానికి వరంగల్ ఎంజీఎం.

చీకటి పడ్డాక గుడారం చుట్టుపక్కల దాటి నడవొద్దు. అడవి పందుల కోసం పొలాల అంచున కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు. ఆ తీగకు మనిషి తెలియదు. మలవిసర్జనకు వెళ్లే చోటు పగలే చూసి పెట్టుకోండి, ఇద్దరు కలిసి వెళ్లండి.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల్లో ఒక్క పూట గాలికి వేల చెట్లు కూలాయి. ఎండిన కొమ్మ కింద, వాలిన చెట్టు కింద గుడారం వేయొద్దు. నీటి అంచునా వద్దు, ఎగువన వాన పడితే రాత్రికి రాత్రే నీరు పెరుగుతుంది.

ఇక మిగిలినవి వరుసగా.

దారిలో వాగు పొంగితే ఆగిపోండి. 2023 జులైలో రామప్పకు దగ్గరలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానల్లో ముత్యంధార జలపాతం చూడబోయినవారు వాగు దాటలేక అడవిలో చిక్కుకున్నారు.

సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో చీకటి పడకముందే నడిచి తెలుసుకోండి.

ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి.

బండి తాళం దాచొద్దు. ఎక్కడుందో అందరికీ తెలియాలి.

గుడారం లోపల బొగ్గుల కుంపటి వద్దు. చలికి పెట్టుకుని నిద్రలోనే పోయినవారున్నారు.

చీకట్లో పడవ వద్దు. వెన్నెల ఉన్నా వద్దు.

పిల్లలు నీటి అంచుకు వెళ్తే జాకెట్ మీదే ఉండాలి, ఆడుకోవడానికైనా సరే. వాళ్లకు ఒక మాట నేర్పండి: అన్న మునుగుతుంటే నువ్వు వెళ్లకు, కేక వెయ్యి.

వంతెన మీద నుంచి, రాళ్ల మీద నుంచి దూకొద్దు. సెల్ఫీ కోసం వెనక్కి నడవొద్దు.

చెప్పు నీళ్లలో పడితే పోనివ్వండి. ఫోన్ పడితే పోనివ్వండి. బంతి పడితే పోనివ్వండి.

తమ్ముడు పడితే దూకొద్దు, క్యాన్ విసరండి. భార్య పడితే దూకొద్దు, క్యాన్ విసరండి. ఆ క్షణంలో మనసు ఒప్పుకోదు, అందుకే ఈ మాట బయలుదేరే ముందే అందరూ ఒకరితో ఒకరు పైకి చెప్పుకోవాలి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయొద్దు, గిరగిర తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, మొదట అయిదుసార్లు నోటితో ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి రెండుసార్లు ఊదడం, మళ్లీ 30, మళ్లీ రెండు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు, చేతులు నొప్పెడితే మనిషి మారండి.

లేచి కూర్చుని, బాగానే ఉన్నాను, ఇంటికి పోదాం అన్నా సరే ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉంటే ఆయాసం కొన్ని గంటల తర్వాత ముదరవచ్చు.