నక్షత్రానికి తోక మొలిస్తే: న్యూటోనియన్ టెలిస్కోపులో అద్దాల అమరికను సరిచేయడం

అరవై రెట్ల ఆవర్ధనంలో ముచ్చటగా కనిపించిన గురుగ్రహం, ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) మార్చి రెండు వందల రెట్లకు వెళ్లగానే పాలలో ముంచినట్టు మసకబారితే, చాలామంది ముందుగా అద్దాన్ని అనుమానిస్తారు. నిజానికి అద్దం బాగానే ఉండి, అది చూస్తున్న దిశ మాత్రమే కొద్దిగా తప్పి ఉండవచ్చు. అయితే స్క్రూల మీద చేయి వేసే ముందు లోపం అమరికలోనే ఉందని తేల్చుకోవాలి.

గదిలోంచి మేడ మీదికి తెచ్చిన 200 మిల్లీమీటర్ల అద్దం బయటి గాలితో సమానంగా చల్లబడడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. అంతవరకూ ఏ పరీక్షనూ నమ్మకూడదు. తరువాత ఒక నక్షత్రాన్ని దృశ్య క్షేత్రానికి సరిగ్గా మధ్యకు తెచ్చి చూడాలి. గాలి చలనం వల్లనైతే బింబం అన్ని వైపులకూ ఉడుకుతున్నట్టు కదులుతుంది. అమరిక తప్పితే నక్షత్రపు వెలుగు తోకలా సాగుతుంది, ఆ తోక ఎప్పుడూ ఒకే వైపుకు ఉంటుంది. ఐపీస్‌ను దాని స్థానంలోనే తిప్పినప్పుడు తోక కూడా తిరిగితే లోపం ఐపీస్‌ది, తల వంచినప్పుడు తిరిగితే మన కంటిది.

ఈ సవరణ ఎంత కచ్చితంగా ఉండాలన్నది నాభ్యంతరాన్ని (అద్దం నుంచి బింబం ఏర్పడే చోటుకు ఉన్న దూరాన్ని) అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య మీద ఆధారపడుతుంది. ఆ సంఖ్య 8 అయితే బింబం స్ఫుటంగా ఉండే మధ్య వృత్తం సుమారు 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 5 అయితే మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాబట్టి పొడవాటి ట్యూబు ఉన్నవారి నిశ్చింతను చూసి పొట్టి ట్యూబు ఉన్నవారు ధైర్యపడకూడదు.

పని పగటిపూట, ట్యూబును అడ్డంగా పడుకోబెట్టి చేయాలి. అలెన్ కీ చేయి జారినా ట్యూబు అడుగున ఉన్న పెద్ద అద్దం, అంటే ప్రధాన దర్పణం మీద పడదు. ఐపీస్ స్థానంలో, నడిమధ్యన సన్నని రంధ్రం చేసిన మూత చాలు. అమరిక సరిచూడడానికే చేసిన చెషైర్ ఐపీస్ ఉంటే మరీ మంచిది. ముందుగా ఫోకసర్‌కు (ఐపీస్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిగే గొట్టానికి) ఎదురుగా ట్యూబు లోపలి గోడకు తెల్ల కాగితం అంటించి, ప్రధాన దర్పణం కనబడకుండా మరో కాగితం అడ్డుపెట్టి, వెలుగును ఐపీస్ వైపు మళ్లించే చిన్న అద్దాన్ని, అంటే ద్వితీయ దర్పణాన్ని మాత్రమే చూడాలి. అది గుండ్రంగా, ఫోకసర్ గొట్టానికి సరిగ్గా మధ్యలో కనిపించాలి. కోడిగుడ్డులా కనిపిస్తే అది తన కాడ చుట్టూ పక్కకు తిరిగిందని అర్థం. మధ్య స్క్రూను కొద్దిగా మాత్రమే వదులుచేసి దాన్ని సరిచేయాలి. పూర్తిగా విప్పితే చిన్న అద్దం ఊడి పడిపోతుంది.

తొందరపడేవారు దాటవేసేది ఈ మెట్టునే. ద్వితీయ దర్పణం పక్కకు తిరిగి ఉన్నా, దాని వాలును అటూ ఇటూ మార్చి, అమరిక చూసేందుకు ఫోకసర్‌లో పెట్టే లేజర్ చుక్కను ప్రధాన దర్పణం మధ్య గుర్తు మీదికి తేవచ్చు, అక్కడినుంచి వెనక్కి రప్పించవచ్చు కూడా. లేజర్ అంతా సరిగ్గా ఉందంటుంది, కానీ దృశ్యంలో ఒక పక్క వెలుతురు తగ్గిపోతుంది.

తరువాత అడ్డుకాగితం తీసి, ప్రధాన దర్పణాన్ని పట్టుకున్న క్లిప్పులన్నీ సమానంగా కనిపించేదాకా ద్వితీయ దర్పణం చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలను సవరించాలి. చివరగా ట్యూబు అడుగున ఉన్న స్క్రూలతో, మూత రంధ్రపు ప్రతిబింబాన్ని దర్పణం మధ్యన అంటించిన వలయంలోకి తేవాలి. ఇదంతా అయ్యాక కూడా ద్వితీయ దర్పణపు నీడ ప్రధాన దర్పణం వైపు కాస్త జరిగి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. పొట్టి ట్యూబుల్లో అది ఉండవలసిన తీరే.

లేజర్ వాడేవారు ముందు లేజర్‌నే పరీక్షించాలి. నేను ఒక రాత్రంతా స్క్రూలు తిప్పి తిప్పి విసిగి, మర్నాడు దాన్ని ఫోకసర్‌లో దాని చుట్టూ తిప్పి చూస్తే, చుక్క ఒకచోట నిలవకుండా అద్దం మీద సున్నా చుట్టింది. వంకర అద్దంలో లేదు, లేజర్‌లోనే ఉంది.

సవరించిన అద్దాన్ని కదలకుండా పట్టే లాక్ స్క్రూలు బిగించగానే అమరిక చెదిరితే వాటిని ఒక్కొక్కటిగా కాక, మూడింటినీ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించాలి. ట్యూబును పైకెత్తినప్పుడు అమరిక మారిపోతుంటే అద్దం తన పీఠంలో వదులుగా ఉన్నట్టు. నక్షత్రాలు ముక్కోణంగా కనిపిస్తే అది అమరిక దోషం కాకపోవచ్చు. క్లిప్పులు అద్దాన్ని నొక్కుతున్నాయేమో చూసి, కాగితం మందం ఖాళీ ఉండేటట్టు వదులు చేయాలి.

తుది తీర్పు మాత్రం నక్షత్రానిదే. కదలదు కనుక ధ్రువ నక్షత్రాన్ని ఎంచుకోమంటారు. కానీ హైదరాబాదులో అది దిగంతం నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంత కిందుగా గాలి పొర మందంగా ఉంటుంది. నడినెత్తికి దగ్గరగా ఉన్న ఓ మోస్తరు నక్షత్రాన్ని ఎంచుకుని, అది జరిగినప్పుడల్లా ట్యూబును నెట్టుకోవడమే మేలు. ఫోకస్ కొద్దిగా తప్పించగానే ఒకదానిలో ఒకటి వలయాలు కనిపిస్తాయి. అవి ఒక పక్క ఇరుకుగా ఉంటే, ట్యూబు మూతి ముందు చేయి పెట్టి, దాని నీడ ఆ ఇరుకు మీదికి వచ్చేదాకా అంచు వెంబడి జరపాలి. ఆ చేతికి సూటిగా అడుగున ఉన్న స్క్రూను, అక్కడ లేకపోతే దానికి ఎదురుగా ఉన్నదాన్ని, పావు చుట్టుకంటే తక్కువ తిప్పి, పక్కకు జరిగిన నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చాకే ఫలితం చూడాలి. వలయాలు ఇంకా ఇరుకైతే అదే స్క్రూను వెనక్కి తిప్పాలి.