హార్మోన్ మందులు వాడుతున్నారా? రక్తదానానికి దరఖాస్తు ఇలా

"థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా, రక్తం ఇవ్వచ్చా?" అనే అనుమానంతోనే చాలామంది క్యాంపు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు. ఇంకొందరు మాత్ర సంగతి దాచి, ఫారంలో అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టేస్తారు. రెండూ అక్కర్లేదు. డాక్టర్ మాత్ర పేరు ఒక్కటే చూడరు, దేనికి వాడుతున్నారో కూడా చూస్తారు.

ముందు నమోదు. కేంద్ర ప్రభుత్వ ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో దాతగా పేరు రాయించుకోవచ్చు. దగ్గర్లోని బ్లడ్ సెంటర్లు, క్యాంపుల వివరాలు అందులోనే దొరుకుతాయి. ఇదంతా ఎందుకనుకుంటే నిమ్స్, ఉస్మానియా, గాంధీ లాంటి ఆసుపత్రుల బ్లడ్ సెంటర్‌కి నేరుగా వెళ్లినా ఫారం ఇస్తారు. అసలు దరఖాస్తు ఆ ఫారమే. ఆన్‌లైన్‌లో పేరుంటే అర్హత వచ్చేసినట్టు కాదు.

మందుల గురించి అడిగే చోట తొందరపడొద్దు. మాత్రల స్ట్రిప్పు, ప్రిస్క్రిప్షన్ వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలియకపోతే, వివరాలు తెలిసేదాకా రక్తం తీసుకోరు. "చిన్న తెల్ల మాత్ర, పొద్దున్నే పరగడుపున" అంటే సరిపోదు మరి.

జాతీయ రక్తమార్పిడి మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, థైరాయిడ్ సమస్య ఉన్నా హార్మోన్ స్థాయి నార్మల్‌గా ఉంటే ఇవ్వచ్చు. కాబట్టి ఈమధ్య చేయించిన టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు చేతిలో ఉంటే పని తేలిక. ఇంకా పరీక్షలు నడుస్తుంటే ఆగమంటారు. గ్రేవ్స్ జబ్బు (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు), థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారిని ఎప్పటికీ తీసుకోరు. గర్భనిరోధక మాత్రలకు అడ్డు లేదు. ఇన్సులిన్ కూడా హార్మోనే. అది తీసుకునే షుగర్ పేషెంట్లు ఇవ్వకూడదు.

మగవాళ్లు చెప్పడం మర్చిపోయేది ఫినాస్టెరైడ్. ప్రొస్టేట్ గ్రంథి వాపుకి ఇచ్చే ఈ మందునే తక్కువ డోసులో జుట్టు రాలకుండా కూడా ఇస్తారు. ఆఖరి మాత్ర తర్వాత నెల రోజులు, ఇదే తరహా మందు డ్యూటాస్టెరైడ్ అయితే 6 నెలలు ఆగాలి. ఆ రక్తం గర్భిణికి ఎక్కిస్తే కడుపులోని మగబిడ్డకు ప్రమాదం. జుట్టు మాత్రే కదా అని వదిలేయకండి.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయం వేరు. అక్కడ అడ్డు హార్మోన్ చికిత్స కాదు. అవే మార్గదర్శకాలు వారిని హెచ్‌ఐవీ, హెపటైటిస్ ముప్పు ఉన్న వర్గంగా లెక్కగట్టి శాశ్వతంగా పక్కన పెట్టాయి. మనిషి ఆరోగ్యం చూడకుండా వర్గాన్ని చూసి కాదనడం నాకు సబబుగా తోచదు. దీన్ని 2021లో సుప్రీంకోర్టులో సవాలు చేశారు. నిపుణుల అభిప్రాయం తీసుకోమని 2025 మేలో కోర్టు కేంద్రానికి చెప్పింది.

మిగతావి అందరికీ ఒకటే: 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్. ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల ఎడం ఉండాలి. రంజాన్ ఉపవాసమైనా, శనివారం ఒక్కపొద్దైనా ఆ రోజు వద్దు, తిని వెళ్లాలి. డాక్టర్ ఆగమంటే కారణం ఏంటో, మళ్లీ ఎప్పుడు రావచ్చో అడిగి, తేదీ రాయించుకోండి.