పాప చెవి మిషన్ పీకేస్తోందా? ముందు మిషన్‌ని మీరు వినండి

మా పాపకి రెండేళ్లప్పుడు రెండు చెవులకీ వినికిడి మిషన్లు పెట్టారు. ఇప్పుడు నాలుగు నిండాయి. మిషన్ పీకేసినా, పిలిస్తే పలకకపోయినా ఇంట్లో అందరూ ముందు పిల్లనే అంటారు, మొండిదని, పరధ్యానమని. నేనూ అన్నాను. చాలాసార్లు తప్పు మిషన్‌లోనో, చెవి రంధ్రంలో కూర్చునే మౌల్డ్ అనే అచ్చులోనో ఉండేది. పెద్దవాళ్లయితే సౌండు సరిగా రావట్లేదని నోటితో చెప్తారు. రెండేళ్ల పిల్లకి ఆ మాట రాదు.

అందుకే మా ఇంట్లో పొద్దున్నే మిషన్ పెట్టే ముందు నేను విని చూస్తాను. స్టెతస్కోపు లాంటి గొట్టం ఒకటి ఉంటుంది, స్టెతోక్లిప్ అంటారు, ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్ష చేసి మిషన్ అమర్చేవాళ్లని, అడిగితే ఇప్పిస్తారు. పవర్ ఎక్కువున్న మిషన్ మన చెవికి మోతగా ఉంటుంది, కాబట్టి మెల్లగా మాట్లాడుతూ వినండి. దాంతోపాటు సెల్లు (మిషన్ బ్యాటరీ) టెస్టరు, గాలి ఊదే రబ్బరు బ్లోయరు, చెమ్మ పీల్చే సిలికా జెల్ డబ్బా కూడా ఇంట్లో ఉండాలి.

మిషన్ ఈల వేస్తోంది

చెవిలోకి వెళ్లాల్సిన సౌండు సందుల్లోంచి బయటికొచ్చి మళ్లీ మైకులోకి దూరితే ఈల వస్తుంది. ఎక్కడ కారుతోందో తెలుసుకోవడం తేలికే. మిషన్ చెవినుంచి తీసి, మౌల్డ్ చివరనున్న రంధ్రాన్ని వేలితో గట్టిగా మూయండి. ఈల ఆగితే మిషన్ మంచిదే, మౌల్డ్ చెవిలో సరిగా కూర్చోలేదు, లేదా వదులైంది. ఆగకపోతే మిషన్‌నీ మౌల్డ్‌నీ కలిపే ట్యూబ్ ఎక్కడో చిట్లింది, లేదా మిషన్‌లోనే లోపం.

సరిగా కూర్చోకపోతే చెవి డొప్పను కాస్త పైకీ వెనక్కీ లాగి మళ్లీ పెట్టండి. ఎరుపు గుర్తు కుడి చెవికి, నీలం గుర్తు ఎడమ చెవికి. హడావిడిలో మారిపోతాయి. ఎంత సరిచేసినా ఈల వస్తుంటే పిల్ల పెరిగింది, మౌల్డ్ చిన్నదైందన్నమాట. చిన్నపిల్లలకి కొన్ని నెలలకే కొత్త మౌల్డ్ కావాల్సి వస్తుంది. కొత్తది వచ్చేదాకా సౌండు తగ్గించి నెట్టుకురావద్దు. ఈల ఆగుతుంది కానీ పిల్లకి మాటలూ ఆగిపోతాయి.

చెవిలో గుబిలి గట్టిపడినా ఈల వస్తుంది. పిన్నీసు, ఇయర్ బడ్ పెట్టి తీయొద్దు, ఈఎన్‌టీ డాక్టరు చేతే తీయించండి.

సౌండు అసలు లేదు, లేదా ఆగి ఆగి వస్తోంది

ముందు సెల్లు చూడండి. తిరగేసి పెట్టారా, మూత పూర్తిగా పడిందా, టెస్టర్‌లో పవర్ చూపిస్తోందా? ఈ సెల్లు గాలితో పనిచేస్తుంది. స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు బయట ఉంచి అప్పుడు మిషన్‌లో వేయాలి. తీసిన స్టిక్కర్ మళ్లీ అంటించినా ఖర్చవడం ఆగదు.

సెల్లు బాగుండి కూడా సౌండు రాకపోతే ట్యూబ్‌ని అనుమానించండి. కార్తీక మాసం వానల్లో ఒకరోజు ఎడమ మిషన్ మూగబోయింది. సెల్లు రెండుసార్లు మార్చాను, టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. ట్యూబ్‌ని కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తే వంపు దగ్గర ఆవగింజంత నీటిచుక్క. అంతే. మౌల్డ్‌ని మిషన్ నుంచి విడదీసి బ్లోయర్‌తో రెండుసార్లు ఊదాను, చుక్క ఎగిరిపడింది, సౌండు వచ్చింది. నోటితో ఊదకండి, ఊపిరిలోని తడి మళ్లీ లోపలికే పోతుంది.

కావలి నుంచి ఒంగోలు దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో చెమ్మ ఎప్పుడూ ఉండేదే. ఎండాకాలం ఉక్కపోతకి చెమట సరేసరి. రాత్రి సెల్లు తీసి, మూత తెరిచి, మిషన్‌ని సిలికా జెల్ డబ్బాలో పెట్టండి. జెల్ గింజల రంగు మారితే వాటి పని అయిపోయినట్టు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం వద్దు. మౌల్డ్‌ని మాత్రం విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడగొచ్చు, బాగా ఆరాకే తగిలించాలి.

సెల్లు ఒకటి కనపడకపోతే, పిల్ల మింగిందేమో అన్న అనుమానం ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు, పొద్దున చూద్దామని ఆగొద్దు. ముక్కులోనో చెవిలోనో దూర్చుకున్నా అంతే తొందర. పిల్లలకిచ్చే మిషన్‌కి సెల్లు మూత లాక్ ఉండేలా అడిగి తీసుకోండి. వాడేసిన సెల్లులు కూడా చేతికందనీయకండి.

పెట్టగానే పీకేస్తోంది

ఇది నన్ను ఎక్కువ ఏడిపించింది. మూడు రోజులపాటు నేను పెట్టడం, పాప తీసి మంచం కిందకి విసరడం. నాలుగో రోజు స్నానం చేయించి తుడుస్తూ చెవి డొప్ప మడిచి చూశాను. మౌల్డ్ అంచు ఆనే చోట బియ్యపుగింజంత ఎర్రటి గాటు. మూడు రోజులు ఆ పుండు మీదే నొక్కి పెట్టాను. ఆడియాలజిస్టు మౌల్డ్ అంచు అరగదీసి నున్నగా చేసిచ్చారు. పుండు మానాక పెట్టించుకుంది, తీయలేదు.

కాబట్టి పీకేస్తే ముందు చెవి చూడండి. ఎరుపు, పుండు, చీము, చెడు వాసన ఉంటే పెట్టొద్దు, డాక్టరుకి చూపించండి. చెవి బాగుంటే స్టెతోక్లిప్‌తో వినండి. గరగర వస్తోందా, సౌండు లేదా? రెండూ బాగుండి, కుక్కర్ విజిల్‌కో గిన్నె పడితేనో ఉలిక్కిపడి పీకేస్తుంటే సెట్టింగ్ ఎక్కువైందేమో. ఏ చప్పుడుకి, ఏ టైముకి అని రాసుకెళ్తే ఆడియాలజిస్టు సరిచేయడం తేలిక.

ఏ కారణమూ దొరకలేదంటే అప్పుడు అది ఆట. తిట్టకుండా, నవ్వకుండా మళ్లీ పెట్టేయండి. మిషన్‌కి దారం కట్టి క్లిప్పుతో గౌను వెనక తగిలిస్తే పోదు. నిద్రకీ స్నానానికీ తప్ప మెలకువగా ఉన్నంతసేపూ ఉండాల్సిందే.

మిషన్ పనిచేస్తోంది, పిల్ల మాత్రం పలకట్లేదు

జలుబు చేసిందా? చెవి లోపల నీరు చేరితే ఉన్న వినికిడి కూడా తగ్గుతుంది. తలంటు రోజున చెవిలో నూనె చుక్క వేయడం మా అత్తకి అలవాటు. మౌల్డ్ రంధ్రం జిడ్డుతో మూసుకుపోయిందని చూపించి, "చెవిలో మటుకు వెయ్యబాకండత్తా" అని బతిమాలితే మానుకుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది, లింగ్ శబ్దాలంటారు. పాప పక్కన కూర్చుని, పెదాలు కనపడకుండా పల్చటి గుడ్డ అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ ఒక్కోటి అనండి. విన్నప్పుడల్లా పాప ఒక బ్లాకు గిన్నెలో వేయాలి. వరస మారుస్తూ, మధ్యలో ఆగుతూ అనకపోతే పిల్లలు ఊహించి వేసేస్తారు. నిన్నటిదాకా విన్న ష్, స్ ఇవాళ వినట్లేదంటే కీచుగా ఉండే (హై పిచ్) శబ్దాలు అందట్లేదు. సెల్లు, ట్యూబ్, గుబిలి చూసుకుని, అయినా మారకపోతే ఆ వారంలోనే పరీక్ష చేయించండి. నెల్లూరులో పొగతోట నిండా డాక్టర్లే. దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ కూడా నెల్లూరులో ఉంది.

ఇంట్లో వింటుంది, బడిలో వినదు

మిషన్ మాటనీ ఫ్యాను మోతనీ కలిపే పెంచుతుంది. మాట్లాడేవాళ్లు రెండడుగుల్లో ఉంటే వేరు, గది చివర ఉంటే వేరు. ముందు వరసలో, కిటికీకీ ఫ్యానుకీ దూరంగా కూర్చోబెట్టమని అడగండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దని కూడా చెప్పండి. మా అంగన్‌వాడీ టీచరుకి సెల్లు మార్చడం నేర్పి, ఒక సెల్లుల పట్టీ, బ్లోయరు ఆమె బీరువాలో పైఅరలో పెట్టి వచ్చాను.