చలిజ్వరం పిల్లల ఫెర్రిటిన్ రిపోర్టు ఎలా చూడాలి

పాడేరు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. వానలు పడ్డాయంటే మా బల్ల ముందు చలిజ్వరం పిల్లలే ఎక్కువ. చేరిన కొత్తలో నేనో తప్పు చేశాను. మూడేళ్ల పిల్లాడు, మలేరియా పాజిటివ్, హిమోగ్లోబిన్ 7.8. బయటి ల్యాబులో ఫెర్రిటిన్, అంటే ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష, 84 వచ్చింది. "ఐరన్‌కి ఢోకా లేదు" అని వాళ్ల నాన్నకు చెప్పేశాను. ఆరు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే 9, అంటే లోపమే.

అందుకే ముందు జ్వరం సంగతి అడగండి: ఇప్పుడుందా, ఎప్పుడు తగ్గింది? ఫెర్రిటిన్ ఒంట్లో ఐరన్ నిల్వను చెబుతుంది, నిజమే. కానీ ఇన్ఫెక్షన్ వస్తే నిల్వతో సంబంధం లేకుండా పెరిగిపోతుంది. సీరమ్ ఐరన్, అంటే రక్తంలో తిరిగే ఐరన్, దీనికి ఎదురు, తగ్గిపోతుంది. మలేరియాలో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా వదులుతుంది. గాదెలో ధాన్యం ఉన్నా తాళం పడినట్టు, కణాల్లో ఉన్న ఐరన్ రక్తంలోకి రాదు. తిన్న తిండిలోదీ పేగు దాటదు. అంటే ఫెర్రిటిన్ లోపాన్ని దాచేస్తుంది, సీరమ్ ఐరన్ లేని లోపాన్ని చూపిస్తుంది. హిమోగ్లోబిన్ తగ్గిందంటే ఐరన్ లేదనే అర్థం కాదు, పరాన్నజీవి ఎర్రకణాలనే పగలగొడుతోంది. మా వైపు సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే ఎర్రకణాల జబ్బు) కూడా ఉంది, ఆ పరీక్ష మరవద్దు.

ఫెర్రిటిన్‌తో పాటు అదే రక్తంలో సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే ప్రోటీన్) చేయించండి. లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (పైకి కనిపించని లోపలి వాపు) ఉన్నట్టు. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన ఇస్తాయి, అక్కడ 0.5 అంటేనే 5. నేనూ ఒకసారి పప్పులో కాలేశాను. ఐదేళ్లలోపు పిల్లలకు మామూలుగా ఫెర్రిటిన్ 12 కన్నా తక్కువైతే లోపం. ఇన్ఫెక్షన్ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ గీత 30. ఐదు దాటిన పిల్లలకు 15, 70. జ్వరంలో కూడా గీతకు కింద వస్తే లోపం ఉన్నట్టే అనుకోండి. పైన వస్తే మాత్రం "లోపం లేదు" అనకండి. మొదట చెప్పిన పిల్లాడి 84 ఆ 30ని కూడా దాటేసింది కదా.

ఐరన్ లోపం ఉంటే పెరిగే కరిగే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ అనే పరీక్ష ఉంది, మలేరియా పిల్లలకు దానికి డబ్బు పోయకండి. ఎర్రకణాలు పగిలితే ఎముక మజ్జ కొత్తవి చేసే హడావుడిలో అదీ పెరుగుతుంది.

మలేరియా మందు కోర్సు పూర్తిచేయించి, నాలుగు వారాలకు పైగా ఆగి, సీఆర్‌పీ తగ్గాక ఫెర్రిటిన్ మళ్లీ చూడండి. మలేరియా పోయిందో లేదో అప్పటికప్పుడు చేసే కిట్‌తో కాదు, రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే స్లైడ్‌తో చూడాలి. ఫాల్సిపారమ్ రకం మలేరియా తగ్గినా కిట్ వారాలపాటు గీత చూపిస్తుంది. పిల్లవాడు బాగా తెల్లగా పాలిపోయి ఆయాసపడుతుంటే ఇవేవీ వద్దు, వెంటనే ఆసుపత్రికి.

వారానికి రెండుసార్లు వేసే ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్‌ని జ్వరం రోజుల్లో ఆపి, తగ్గాక డాక్టరునడిగి మళ్లీ మొదలుపెట్టండి. జాంజిబార్ దగ్గరి పెంబా దీవిలో మలేరియా ఎక్కువున్న చోట చిన్నపిల్లలందరికీ ఐరన్ ఇస్తే ఆసుపత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి చూస్తే పెరిగారని 2006లో ఒక అధ్యయనం వచ్చింది. అది విని సిరప్ సీసా గెడ్డలో పారేసిన అమ్మ ఉంది. అంత అక్కర్లేదు, మలేరియాకు పరీక్ష, మందు, దోమతెర ఉన్నచోట ఐరన్ ఇవ్వొచ్చు.

ఇప్పుడు నేను ట్యూబు మీద పేరు పక్కన "జ్వరం 3వ రోజు" అని కూడా రాసి పంపుతున్నాను. అవతలి ల్యాబు నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఇదేం ఊరి పేరండీ అని అడిగాడు.