పైన్ బోన్సాయ్: కుండీ మార్చాలా, ఆగాలా?

పైన్ కాస్త వాడినట్టు కనబడితే చాలు, కుండీ మార్చేస్తే తేరుకుంటుందని చాలామంది అనుకుంటారు. కుండీ మార్చడమంటే చెట్టుకు ఆపరేషన్ చేసినట్టే. ఒంట్లో బలం ఉన్నప్పుడే, అదను చూసి చేయాలి.

ముందు మీ దగ్గరున్నది పైనేనా చూసుకోండి. పైన్ సూదులు కట్టలుగా వస్తాయి. కట్ట మొదట్లో సన్నటి తొడుగు ఉంటుంది. జపనీస్ బ్లాక్ పైన్‌కు కట్టకు రెండు సూదులు, హిమాలయాల చిర్ పైన్‌కు మూడు. క్రిస్మస్ ట్రీ అని నర్సరీల్లో అమ్మే అరౌకేరియాకు ఈ కట్టలుండవు. కింద చెప్పేది దానికి వర్తించదు.

నీళ్లు పైనే నిలిచిపోతున్నాయి

పోసిన నీళ్లు కొద్ది సెకన్లలో అడుగు రంధ్రాల్లోంచి కారాలి. అర నిమిషం దాటినా పైన మడుగు కడితే లోపల గాలి ఆడటం లేదన్నమాట. సన్న వెదురు పుల్ల గుచ్చి చూడండి. అంగుళం దిగి ఆగిపోయిందంటే వేళ్లు కుండీ నిండా అల్లుకుపోయి ఉండాలి, లేదా మట్టి పొడై గట్టిపడి ఉండాలి. చెట్టు కుండీలోంచి పైకి లేచినట్టుంటే వేళ్ల ఒత్తిడే కారణం.

ఇది వానాకాలంలో బయటపడితే తొందరపడకండి. పుల్లతో ఎనిమిది పది చోట్ల అడుగుదాకా చిల్లులు పెట్టి, సన్న ప్యూమిస్‌తో (తేలికైన, చిల్లుల చిల్లుల అగ్నిపర్వత రాయి) నింపండి. కుండీకి ఒక పక్క ఇటుక ముక్క పెట్టి వాల్చితే నీళ్లు త్వరగా దిగిపోతాయి. జనవరిదాకా ఇలా నెట్టుకురావచ్చు. అడుగున నల్లబడి కుళ్లు వాసన వస్తుంటే మాత్రం ఆగొద్దు. వేరు గడ్డను విప్పకుండా అలాగే ఎత్తి, రంధ్రాలున్న పెద్ద ప్లాస్టిక్ బుట్టలో దించి, చుట్టూ కింద చెప్పే గరుకు మిశ్రమం పోయండి.

అదను ఏది?

హైదరాబాద్‌లో అయితే సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య. తేదీ కంటే మొగ్గను నమ్మండి. కొమ్మ చివర మొగ్గ లావెక్కి సాగడం మొదలై, సూదులు ఇంకా విచ్చుకోకపోతే అదే సమయం. ఎండలు ముదిరేలోగా కొత్త వేళ్లకు ఆరేడు వారాలు దొరకాలి. మార్చి చివర చేస్తే ఆ వ్యవధి ఉండదు. తెగిన వేళ్లు ఏప్రిల్ ఎండకు సరిపడా నీళ్లు అందించలేవు. లేత చెట్టుకు రెండు మూడేళ్లకోసారి, ముదురు చెట్టుకు నాలుగైదేళ్లకోసారి చాలు. అప్పటికీ నీళ్లు చక్కగా దిగుతుంటే ఇంకో ఏడాది వదిలేయండి.

మిశ్రమం, పని

రెండు పాళ్లు ప్యూమిస్, రెండు పాళ్లు ఇటుక ముక్కలు, ఒక పాలు గరుకు ఇసుక. అన్నీ 3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉండేలా జల్లించి, పొడి పారేయండి. కోకోపీట్, ఎర్రమట్టి, వర్మీ కంపోస్ట్ వద్దు. మన వానలకు అవి తడి పట్టుకుని వేళ్లను కుళ్లబెడతాయి. బోన్సాయ్‌కి వాడే జపాన్ బంకమట్టి గుళికలు, అకడామా, మంచివే కానీ ఖరీదు. అవి లేకపోయినా పైన్ బాగానే పెరుగుతుంది. ఇటుక విషయంలో మాత్రం జాగ్రత్త. ముక్కల్ని ఒక రోజు నీళ్లలో నానబెట్టి చేతివేళ్లతో నలపండి. ఎర్రటి పేస్టులా అంటుకుంటే సరిగా కాలని ఇటుక, ఏడాది తిరక్కుండా బురదవుతుంది.

చెట్టు ఎత్తాక వేరు గడ్డలో ఒక సగం మాత్రమే విప్పండి. వెదురు పుల్లతో కాండం దగ్గరనుంచి బయటికి దువ్వాలి, అడ్డంగా లాగొద్దు. నర్సరీ మొక్కల్లో కాండం కిందే బంకమట్టి గడ్డ దాగి ఉంటుంది, ఎంత నీళ్లు పోసినా అది లోపల ఎండిపోయే ఉంటుంది. ఈ విడత పని చేసే సగంలో దాన్ని పూర్తిగా తీసేయండి. మొత్తం వేళ్లలో మూడో వంతుకు మించి కత్తిరించొద్దు. రెండో సగం రెండు మూడేళ్ల తర్వాతే.

వేళ్ల మధ్య తెల్లటి దారాలు, బూజులాంటి పొర కనిపిస్తే కడగకండి. అది పైన్ వేళ్లతో కలిసి బతికే మేలుచేసే శిలీంధ్రం. అందులో గుప్పెడు తీసి కొత్త మిశ్రమంలో కలపండి. కుండీ అంచున గట్టి తెల్ల పెంకులా ఉంటే అది శిలీంధ్రం కాదు, బోరు నీళ్ల ఉప్పు.

చెట్టును 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగతో కుండీకి బిగించండి. కాండం పట్టుకుని కదిపితే కుండీ కూడా కదలాలి. మిశ్రమాన్ని పుల్లతో వేళ్ల సందుల్లోకి కూరి, కింద కారే ఎర్ర నీళ్లు తేటపడేదాకా పోయండి.

మార్చాక సూదులు గోధుమరంగుకు తిరిగాయి

పైన్ దెబ్బ తిన్నా నెలదాకా పచ్చగానే కనిపిస్తుంది, కాబట్టి కారణం ఆ ముందు వారాల్లో వెతకాలి. మట్టంతా కడిగేసి ఉండొచ్చు. తీగ వదులై గాలికి ఊగుతుంటే కొత్తగా పుట్టిన వేళ్లు తెగుతూనే ఉంటాయి. కుండీ మార్చిన ఏడాదే చిగుళ్లు కత్తిరించడం, సూదులు పీకడం కూడా పెట్టుకుంటే చెట్టు తట్టుకోలేదు. చేయగలిగింది ఒకటే: తీగ బిగించి, గాలి తగలని చోట 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచి, పైపొర ఆరాకే నీళ్లు పోయడం. మళ్లీ తవ్వి చూడొద్దు. ఎరువు ఆరు వారాలదాకా వద్దు.

కొత్త సూదులే పసుపు పచ్చగా వస్తున్నాయి

రెండు మూడేళ్ల పాత సూదులు పండి రాలడం సహజమే. కొత్తవే పాలిపోయి, మిశ్రమంలోంచి నీళ్లు బాగానే దిగుతుంటే కుండీ జోలికి పోకండి, నీళ్లను అనుమానించండి. ఎక్కువ ఖనిజాలున్న బోరు నీళ్లు మట్టిని క్షారంగా మార్చి, ఇనుము అందకుండా చేస్తాయి. వాననీళ్లు పట్టి వాడండి, అవి లేనప్పుడు నల్లా నీళ్లు పోయండి. ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఐరన్‌ను (క్షార మట్టిలోనూ మొక్కకు అందే ఇనుము) ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లు మాత్రం పైన్‌కు పోయొద్దు, వడపోతలో మిగిలిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.