డెలావేర్‌లో దిగే ముందు తాళాల సంగతి చూసుకోండి

కోనసీమలో పుట్టినదాన్ని, పడవంటే నాకేం భయం అనుకునేదాన్ని. మా రేవులో తెడ్డు వేసేవాడు వేరే ఉండేవాడు, మేం ఊరికే కూర్చునేవాళ్లం అన్నది న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పద్నాలుగు మందిమి డెలావేర్ నది మీదికి బయల్దేరిన రోజునే గుర్తొచ్చింది.

కొత్తవాళ్లకి పెన్సిల్వేనియా ఒడ్డున మిల్‌ఫర్డ్ బీచ్ దగ్గర మొదలుపెట్టి డింగ్‌మన్స్ ఫెర్రీ దగ్గర తేలే దారి బావుంటుంది. ఎనిమిది మైళ్లు ఉంటుంది. గంటకి రెండు మైళ్లు వేసుకోండి, లంకలో భోజనానికి ఇంకో గంట. పొద్దున్నే దిగండి, మధ్యాహ్నం ఎదురుగాలి మొదలైతే చేతులు పడిపోతాయి.

అసలు కష్టం నదిలో లేదు, కార్లలో ఉంది. సొంత పడవలైతే అందరూ ముందు మిల్‌ఫర్డ్ వెళ్లి మనుషుల్నీ సామాన్లనీ దింపండి. డ్రైవర్లు కార్లన్నీ డింగ్‌మన్స్‌లో పెట్టేసి, ఒక్క కారులో వెనక్కి రావాలి. ఆ కింద పెట్టిన కార్ల తాళాలు పడవలోకి ఎక్కాలి! మేం జాగ్రత్తగా అన్నీ ఒక సంచిలో వేసి, ఆ సంచిని మిల్‌ఫర్డ్‌లో ఉన్న కారులోనే వదిలేశాం. సాయంత్రం తడి బట్టలతో దోమల మధ్య కూర్చుంటే, ఎవరో పుణ్యాత్ముడు మా మరిదిని మిల్‌ఫర్డ్ దాకా తీసుకెళ్లాడు. పడవలు అద్దెకి తీసుకుంటే ఈ గోల చాలావరకు వాళ్లే చూసుకుంటారు.

పిల్లలున్నవాళ్లకి కనూ (ఇద్దరు ముగ్గురు కూర్చునే, పైన తెరిచి ఉన్న పడవ), ఒంటరిగా తిరగాలనుకునేవాళ్లకి కయాక్ (ఒక్కరు నడుపుకునే సన్నటి పడవ). కనూలో బరువైన మనిషి వెనక కూర్చోవాలి, దిశ తిప్పేది వాళ్లే. ముందువాళ్లు ఊరికే తెడ్డు వేస్తే చాలు, సలహాలు వద్దు. మొదటిసారి మొగుడూపెళ్లాల్ని ఒకే కనూలో ఎక్కించకండి, మా ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. పడవ రాయికి అడ్డంగా తగిలితే భయంతో ఎగువకి వాలతాం, అప్పుడే నీళ్లు లోపలికొచ్చి బోల్తా కొడుతుంది. రాయి వైపే వాలాలి. నీళ్లలో పడితే పారే చోట నిలబడే ప్రయత్నం చేయొద్దు, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకి పెట్టి, నెమ్మదిగా ఒడ్డుకి రండి. పడవకి దిగువన మాత్రం ఉండకండి.

ముందురోజు రాత్రి, నదుల నీటిమట్టాలు కొలిచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ సైట్‌లో, ఈ నది మీదే ఉన్న మాంటెగ్యూ దగ్గర నీటిమట్టం చూడండి. పైన వాన పడి నది పెరుగుతుంటే ట్రిప్ మానేయండి. ఎండాకాలంలో మరీ ఎండిపోదు. మాంటెగ్యూ దగ్గర సెకనుకి 1,750 ఘనపుటడుగుల ప్రవాహం ఉండేలా న్యూయార్క్ నగరం తన రిజర్వాయర్ల నుంచి నీళ్లు వదలాలని 1954లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కృష్ణా నీళ్ల తగాదాలు వింటూ పెరిగినవాళ్లకి ఇదేం వింత కాదు.

లైఫ్ జాకెట్ అందరూ వేసుకోవాల్సిందే. పెన్సిల్వేనియాలో పన్నెండేళ్లూ అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకి ఎప్పుడూ, నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కనూ, కయాక్ ఎక్కే పెద్దవాళ్లకీ అది చట్టం. ఏప్రిల్ ఎండ చూసి మోసపోవద్దు, నీళ్లు మంచులా ఉంటాయి.

జీన్సు, హవాయి చెప్పులు ఇంట్లో వదిలేయండి. భోజనానికి పులిహోర, దద్దోజనం. సాంబారు తెస్తానన్నవాళ్లని వేరే పడవలో ఎక్కించండి.

మినిసింక్, నమనాక్ లంకలు దాటాక డింగ్‌మన్స్ వంతెన కనపడగానే కుడి ఒడ్డుకి జరగండి. అది ఇప్పటికీ ప్రైవేటు టోల్ వంతెన. కారులో దాని మీదుగా న్యూజెర్సీకి వెళ్లేట్టయితే కాస్త చిల్లర కావాలి, దాన్నీ ఆ తాళాల సంచిలోనే వేసుకోండి.