మాయకు నీళ్లే ఖర్చు: థార్ జంతువులతో పిల్లల సాహస నవల రాయడం

ఎడారి కథ మొదలుపెట్టగానే మీర్‌క్యాట్, ఫెనెక్ నక్క, చేతులెత్తి నిలబడ్డ ఎత్తైన జెముడు ఒకే పేజీలోకి వచ్చేస్తాయి. మీర్‌క్యాట్‌ది కలహారి, ఫెనెక్‌ది సహారా, ఆ జెముడుది అమెరికాలోని సొనోరా. పదేళ్ల పిల్లలు ఈ తప్పు ఇట్టే పట్టేస్తారు. అందుకని ముందు ఒకే ఎడారిని ఎంచుకోవాలి. ఇక్కడ రాజస్థాన్‌లోని థార్‌ను తీసుకుందాం. తెలుగు పిల్లలకు అది మరీ పరాయిదేమీ కాదు. అక్కడ పెరిగే జమ్మి, జిల్లేడు, రేగు మన ఊళ్లలోనూ ఉన్నాయి. అక్కడివాళ్లు ఖేజ్‌డీ అనేది దసరాకు మనం పూజ చేసే జమ్మినే. కథలో ఆ చెట్టు వచ్చినప్పుడు పరిచయం మీద ఒక్క వాక్యం కూడా ఖర్చు పెట్టనక్కర్లేదు.

ముఖ్యపాత్రలు అయిదుకు మించొద్దు. ఒక్కోదానికి అర పేజీ నోట్సు రాసుకోండి: ఏం తింటుంది, దాన్ని ఏది తింటుంది, ఎప్పుడు మేలుకుంటుంది, నీళ్లెలా తెచ్చుకుంటుంది, ఒంట్లో ఉన్న ప్రత్యేకత ఏమిటి. కథంతా ఆ చివరి గడిలోంచే పుడుతుంది.

సాండాను చూడండి. మూరెడు పొడవు బల్లి, తోక చుట్టూ ముళ్ల వలయాలు. ఎక్కువగా ఆకులూ గడ్డీ తింటుంది. పగలు ఎండ కాచుకుని, రాత్రికి బొరియలో దూరి లోపలినుంచి మట్టితో మూతి మూసేస్తుంది. చలికాలమంతా నిద్రే. ఇక చిన్నపింజరి పాము ఒంటి చుట్టలను ఒకదానికొకటి రుద్ది, గరుకు పొలుసులతోనే గరగరమని హెచ్చరిస్తుంది. బట్టమేకపిట్ట నేలమీదే, మామూలుగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఒకప్పుడు ఈ పక్షి నంద్యాల జిల్లా రోళ్లపాడు మైదానాల్లోనూ తిరిగేది. మీ నవలలో థార్ నుంచి తెలుగు నేలకు దారి తీయాలనుకుంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇప్పుడు ఆ ప్రత్యేకతను ఒక్క మెట్టు పైకి జరపండి. బొరియ మూసే సాండా ఏ దారినైనా మూయగలదు. పింజరి విన్న శబ్దాన్ని పొలుసుల్లో దాచుకుని, కావలసినప్పుడు వినిపించగలదు. అంతే, రెండో మెట్టు ఎక్కించకండి. సాండాకు రెక్కలొస్తే అది సాండా కాకుండా పోతుంది. పరీక్ష సులువు: సన్నివేశంలో సాండా బదులు పిల్లిని పెట్టి చదవండి. ఏమీ చెడలేదంటే మాయ జంతువులోంచి రాలేదు, పైనుంచి అతికించారన్నమాట.

మాయకు ధర ఉండాలి. ఎడారిలో ధర నీళ్లే. సాండాకు మూడు గుక్కలు, నక్కకు పది, ఒంటెకు నూరు అని మొదటే నిర్ణయించుకుని, ఒక నోటుబుక్కులో ప్రతి అధ్యాయానికీ జమాఖర్చు రాయండి. దారి మూస్తే సాండాకు రెండు గుక్కలు పోతాయి. మిగిలిన ఒక్క గుక్కతో తెల్లారేదాకా బతకాలి. ఉత్కంఠ దానంతటదే వస్తుంది. పదో అధ్యాయంలో తొందరపడి ఖర్చు లేకుండా మాయ చేయించారో, పుస్తకం అక్కడే జారిపోతుంది. ఒంటె సంగతి వేరు. దాని మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కావు. బాగా దాహం మీదున్న ఒంటె పావుగంటలో నూరు లీటర్లు తాగగలదు. అంటే ఈ లోకంలో అది కోటీశ్వరుడు. కానీ థార్‌లో ఒంటెలకు యజమానులుంటారు. ముక్కుతాడు మనిషి చేతిలో ఉన్న కోటీశ్వరుణ్ణి కథలోకి ఎలా రప్పించాలో ఆలోచించండి. ఒక ఉపకథ అక్కడే దొరుకుతుంది.

తర్వాత వేళల పట్టిక. చాలామంది దీన్ని వదిలేస్తారు, మధ్యలో ఇరుక్కుంటారు. సాండా పగటి జీవి. వేసవిలో పింజరి రాత్రిపూట తిరుగుతుంది. నక్క చీకటి పడ్డాక వేటకెళ్తుంది. ముగ్గురూ కలిసి కూర్చోవడానికి మిగిలేది సంధ్యవేళ అరగంట. ముఖ్యమైన సంభాషణలన్నీ ఆ అరగంటలోనే పెట్టండి. రుతువులూ సరిచూసుకోండి. హిమాలయాలు దాటి వచ్చే కుర్జా కొంగలు ఫలోదీ దగ్గరి ఖీచన్‌లో చలికాలం గడిపి, మార్చికల్లా వెళ్లిపోతాయి. జనవరి రాత్రి కుర్జా, సాండా కబుర్లు చెప్పుకున్నాయని రాస్తే రెండోది నిద్రలో మాట్లాడినట్టే. సాహసానికి మే, జూన్ నెలలు మేలు. ఆంధీ అనే దుమ్ము తుపాన్లు అప్పుడే వస్తాయి.

అసలు చిక్కు ఆకలి. నక్క సాండాను తింటుంది. 'అందరూ స్నేహితులయ్యారు' అంటే పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. దానికి బదులు గడువున్న ఒప్పందం పెట్టండి: కరువు ఉన్నంతకాలం ఎవరూ ఎవరినీ తినరు, తొలి చినుకు పడగానే ఒప్పందం రద్దు. దీంతో వాన కోసం వెతికే జట్టుకు ఆ వానే ప్రమాదం అవుతుంది. పదహారు అధ్యాయాల నవలలో చినుకు పదమూడులో పడాలి. పదిహేనులో పడితే భయం అనుభవించే చోటు ఉండదు, పదిలో పడితే తర్వాత చప్పబడుతుంది.

మాటతీరు దగ్గర ఎక్కువసేపు ఆగండి. జంతువులు ఒకదాన్నొకటి పేర్లతో పిలుచుకుంటే అనువాదం వాసన కొడుతుంది. వరసలు పెట్టండి: నక్క మావ, ఒంటె తాత, బట్టమేక పెద్దమ్మ. పింజరికి మాత్రం ఎవరూ వరస కలపరు, అందరూ 'మీరు' అంటారు. దాన్ని దుర్మార్గుణ్ణి చేయకుండానే ఆ దూరంలో భయం పుడుతుంది. ఈ ముక్క చూడండి:

"నక్క మావా, నీ కడుపు గురగుర నాకు వినిపిస్తోంది," అంది సాండా, బొరియలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి.

"ఒప్పందం ఉందిగా బుల్లీ, భయమెందుకు?"

"పడమట మబ్బు కూడా ఉంది మావా."

ఒప్పందం గురించి గానీ భయం గురించి గానీ రచయిత ఇక్కడ వివరణ ఇవ్వలేదు. మొదటి చిత్తుప్రతిలో ఈ మూడు మాటల తర్వాత నాలుగు వాక్యాల వ్యాఖ్యానం వస్తుంది. కొట్టేయండి. మార్వాడీ మాటలు పుస్తకం మొత్తంలో పదికి మించకూడదు. ధోరా అంటే ఇసుకదిబ్బ అని కింద గమనిక పెట్టేకన్నా, నక్క ధోరా ఎక్కుతుంటే కాళ్లకింద ఇసుక జారిందని రాస్తే చాలు.

దారికి నిజమైన పటం దగ్గర పెట్టుకోండి. జైసల్మేర్‌కు సుమారు 17 కిలోమీటర్ల దూరంలో ఆకల్ అనే చోట దాదాపు 18 కోట్ల ఏళ్లనాటి చెట్ల మొద్దులు రాళ్లయి పడున్నాయి. ఎడారిలో రాతి అడవి! ఇంతకన్నా పెద్ద ఊహ మనం చేయలేం. అక్కడ బయల్దేరి, ఊరికి అవతల నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ దిబ్బలకు చేరాలంటే నక్కకు కొన్ని రాత్రులు పడుతుంది. బొరియకు దూరంగా పోని సాండా సొంత కాళ్లమీద ఎప్పటికీ చేరదు. ఒంటె జీనులో దాక్కోవాల్సిందే.

ఒక హెచ్చరిక. కథలో జబ్బు నయం చేసే 'సాండా నూనె' పెట్టకండి. ఆ నూనెకు మహిమ ఉందనే మూఢనమ్మకం వల్లే ఈ బల్లులను నిజంగానే చంపుతున్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. అలాగే మీ నవలలో మనిషి పిల్లలెవరైనా ఉంటే పింజరిని చేత్తో పట్టించకండి. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాముల్లో అదొకటి.

ఎనిమిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు మొత్తం ఇరవై వేల పదాలు సరిపోతాయి. అధ్యాయానికి సుమారు 1,250 పదాలు, పైకి చదివితే పన్నెండు నిమిషాలు. ముగ్గురు నలుగురు పిల్లలకు చదివి వినిపించి, ఎక్కడ కదలడం మొదలెట్టారో అంచున పెన్సిల్‌తో గీత పెట్టండి. బాగుందా అని మాత్రం అడగకండి, బాగుందనే అంటారు. "సాండా దగ్గర ఇంకెన్ని గుక్కలున్నాయి?" అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు చెప్పలేకపోతే లెక్క కథలోకి దిగలేదు. ఆ అధ్యాయం తిరగరాయాలి.

బొమ్మలేసేవారికి రాతప్రతితోపాటు జంతువుల నోట్సు కూడా పంపండి. ఎడారి నక్క తోక చివర తెలుపు. నలుపు వేస్తే అది మన పొలాల్లో తిరిగే గుంటనక్క అవుతుంది. థార్ ఒంటెకు ఒకటే మూపురం.